1919 నాటి రెండు పొట్లాలు, ఒక స్వతంత్ర పత్రిక

శనివారాన్ని విశ్రాంతి దినంగా ఆచరించే క్రైస్తవ శాఖ అయిన సెవెంత్‌డే అడ్వెంటిస్ట్ సంఘం చరిత్రలో పత్రిక ముందు పుట్టింది, సంఘం తరువాత పుట్టింది. జేమ్స్ వైట్ 1849లో అమెరికాలో ప్రెజెంట్ ట్రూత్ అనే చిన్న పత్రికను మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికి అది రివ్యూ అండ్ హెరాల్డ్‌గా స్థిరపడింది. సంఘం లాంఛనంగా ఏర్పడింది మాత్రం 1863లో, మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ పట్టణంలో. ఊరూరా చెదిరి ఉన్న కొద్దిమంది విశ్వాసులను ఒక్కటిగా నిలిపింది ఆ అచ్చు కాగితాలే గనుక, అడ్వెంటిస్టులకు పత్రిక అంటే మొదటి నుంచీ ప్రార్థనతో సమానమైన ఆదరం. అయితే ఆ పత్రికలన్నీ సంఘం సొమ్ముతో, సంఘం నియమించిన సంపాదకులతో నడిచాయి. సంపాదకుడికి జీతమిచ్చే కమిటీయే ఆస్తులు కొంటుంది, పాస్టర్లను నియమిస్తుంది, బోధకులను తొలగిస్తుంది. అలాంటప్పుడు ఆ సంపాదకుడు ఎంత నిజాయతీపరుడైనా ఆ కమిటీ నిర్ణయాల మీద విచారణ జరపలేడు. ఈ లోటును పూడ్చడానికి 1969లో వచ్చిన స్పెక్ట్రమ్ అనే త్రైమాసిక పత్రిక గురించి, అది నా బోటి విశ్వాసికి ఎందుకు ముఖ్యమో వివరంగా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

స్పెక్ట్రమ్‌ను సంఘానికి దూరమైనవాళ్ళు పెట్టలేదు. 1960ల నాటికి అమెరికాలోని అడ్వెంటిస్ట్ కాలేజీల్లో చదివిన యువతీయువకులు పెద్ద సంఖ్యలో హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాలకు డాక్టరేట్ల కోసం వెళ్తున్నారు. సంఘం కాలేజీలకు ఉన్నత పట్టాలున్న అధ్యాపకులు కావాలి కాబట్టి సంఘమే వాళ్ళను ప్రోత్సహించింది. అక్కడ వాళ్ళు భూగర్భ శాస్త్రం చదివారు, చరిత్ర పరిశోధన పద్ధతులు నేర్చుకున్నారు, బైబిలును మూల భాషల్లో చదివారు. విశ్రాంతి దినాన మధ్యాహ్నం పూట ఒకచోట చేరి, తరగతి గదిలో తెలుసుకున్నదానికీ ఆరాధనలో వింటున్నదానికీ పొత్తు ఎలా కుదురుతుందో చర్చించుకునేవారు. హార్వర్డ్‌లో రసాయన శాస్త్రం బోధించిన ఆల్విన్ క్విరామ్, అక్కడే నీతిశాస్త్రం చదివిన రాయ్ బ్రాన్సన్ వంటివారు ఈ చిన్న చిన్న బృందాలను ఒక సంస్థగా మలచాలని తలపెట్టారు. 1967లో సంఘం ప్రపంచ పాలక సంస్థ అయిన జనరల్ కాన్ఫరెన్స్ పెద్దలు అందుకు సమ్మతించారు. అప్పట్లో ఉత్తర అమెరికా వ్యవహారాలు చూస్తున్న ఉపాధ్యక్షుడు నీల్ విల్సన్ కూడా దానికి అండగా నిలిచారు. అలా ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ అడ్వెంటిస్ట్ ఫోరమ్స్ తరఫున స్పెక్ట్రమ్ వెలువడింది. మొదటి సంపాదకుడు మోలూరస్ కూపరస్ కాలిఫోర్నియాలోని లోమా లిండాలో చర్మవ్యాధుల వైద్యుడు. ఏ విషయాన్నైనా అన్ని కోణాల నుంచీ పక్షపాతం లేకుండా పరిశీలించడం తమ ఉద్దేశమని పత్రిక మొదట్లోనే ప్రకటించుకుంది. ఖర్చు చందాల మీద, దాతల విరాళాల మీద నడిచేది. సభ్యులు తమ ఆదాయంలో పదో వంతుగా సంఘానికి ఇచ్చే దశమ భాగాల నుంచి డబ్బు రాలేదు. రచయితలు, పాఠకులు మాత్రం దాదాపు అందరూ దశమ భాగం ఇచ్చే సభ్యులే.

ఈ రెండు విషయాలూ కలిసి ఉండటంలోనే ఆ పత్రిక బలమంతా ఉందని నా అభిప్రాయం. బయటివాడు ఎంత ఘాటుగా రాసినా సంఘంలో ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ మారరు. లోపలివాడైనా జీతగాడైతే ఒక హద్దు దాటి రాయలేడు. లోపలే ఉంటూ, జీతానికి కట్టుబడకుండా రాసేవాడి మాటే పెద్దలకు ఇబ్బంది కలిగిస్తుంది, సభ్యులను ఆలోచింపజేస్తుంది.

స్పెక్ట్రమ్ చేసిన పనుల్లో దేనిని అన్నిటికన్నా పైన పెడతావని ఎవరైనా అడిగితే నేను 1979 మే సంచికను చూపిస్తాను. దాని వెనక ఒక కథ ఉంది. సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ 1915 జూలైలో కన్నుమూశారు. ఆమె రచనలను అడ్వెంటిస్టులు ప్రవచనాత్మ అని పిలుస్తారు. దేవుడు ఆమెకు దర్శనాల ద్వారా వెలుగునిచ్చాడని నమ్ముతారు. ఆమె పోయిన నాలుగేళ్ళకు, 1919 వేసవిలో, వాషింగ్టన్ దగ్గరి టకోమా పార్క్‌లో సంఘ నాయకులు, సంపాదకులు, కాలేజీల్లో బైబిలు, చరిత్ర బోధించే అధ్యాపకులు కలిసి ఒక బైబిలు సదస్సు జరిపారు. జూలై 30న, ఆగస్టు 1న జరిగిన చర్చల్లో ఆమె రచనలను తరగతిలో ఎలా ఉపయోగించాలన్న ప్రశ్న వచ్చింది. ఆమె రాసిన చరిత్రలో పొరపాట్లు ఉండవచ్చా, ఇతరుల పుస్తకాల నుంచి తీసుకున్న భాగాల సంగతేమిటి, ప్రతి మాటా దేవుడు పలికించిందేనా అని అధ్యాపకులు అడిగారు.

జవాబిచ్చినవారు అల్లాటప్పా మనుషులు కారు. ఆర్థర్ డానియెల్స్ అప్పటికి దాదాపు పద్దెనిమిదేళ్ళుగా జనరల్ కాన్ఫరెన్స్ అధ్యక్షుడు; ఆస్ట్రేలియాలో ఎలెన్ వైట్‌తో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. డబ్ల్యూ. డబ్ల్యూ. ప్రెస్కాట్ ఆమె గ్రేట్ కాంట్రవర్సీ పుస్తకానికి 1911 నాటి కొత్త కూర్పు సమయంలో అనేక సవరణలు సూచించినవాడు. ఆమె పుస్తకాలు ఎలా తయారయ్యేవో వీళ్ళు కళ్ళారా చూశారు. ఆమె తనను చరిత్రకు ప్రమాణంగా ఎన్నడూ చెప్పుకోలేదని, మాట మాటకూ దైవప్రేరణ అన్న వాదాన్ని తాను ఒప్పుకోనని, ఆమె పిలుపు నిజమైనదనడానికి ఆమె జీవితమూ ఆమె సేవ ఇచ్చిన ఫలితాలే రుజువని డానియెల్స్ అక్కడ స్పష్టంగా చెప్పాడు. గదిలో ఉన్నవాళ్ళ భయం కూడా ఆ పేజీల్లో కనిపిస్తుంది. ఈ మాటలు విద్యార్థులకు ఎలా చెప్పాలి, తల్లిదండ్రులకు తెలిస్తే ఏమవుతుంది, ఇన్నాళ్ళూ మరోలా బోధించి ఇప్పుడు నెమ్మదిగా ఎలా మార్చాలి అని ఒకరి తరువాత ఒకరు లేచి అడిగారు. ఈ రాతప్రతిని పెట్టెలో పెట్టి తాళం వేయడమే మేలేమోనని తనకు ఒక్కోసారి అనిపిస్తుందని కూడా డానియెల్స్ అన్నాడు.

చివరికి జరిగింది అదే. షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తరువాత టైపు చేసిన వెయ్యికి పైగా పేజీలు మరుగున పడ్డాయి. 1922లో డానియెల్స్ అధ్యక్ష పదవి కోల్పోయాడు. అటుపై అమెరికాలో వీచిన, లేఖనంలోని ప్రతి మాటా అక్షరసత్యమనే ఫండమెంటలిస్టు గాలి సంఘాన్ని కూడా తాకింది. రెండు తరాల సభ్యులు ఎలెన్ వైట్ రాసిన ప్రతి వాక్యమూ పైనుంచి నేరుగా వచ్చిందనే నమ్మకంతో పెరిగారు. ఆమెతో కలిసి పనిచేసిన అధ్యక్షుడే అలా నమ్మలేదన్న సంగతి వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. 1973లో జనరల్ కాన్ఫరెన్స్ తన దస్తావేజుల భండారాన్ని ఏర్పాటు చేశాక, 1974 డిసెంబరులో దాని అధికారి డోనాల్డ్ యోస్ట్‌కు కాగితంలో చుట్టిన రెండు పొట్లాలు దొరికాయి. ఆ పొట్లాల్లో ఉన్నది ఆ సదస్సు మినిట్స్. ఎలెన్ వైట్ గురించి జరిగిన ఆ రెండు రోజుల చర్చను స్పెక్ట్రమ్ 1979 మేలో, కూపరస్ రాసిన ముందుమాటతో, ఎవరు ఏమన్నారో అలాగే అచ్చువేసింది.

ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు కలిగింది ప్రధానంగా ఊరట. విశ్వాసం సడలిపోతుందేమోనని అరవై ఏళ్ళు దాచిపెట్టిన సంభాషణలో పాల్గొన్న ప్రతి వ్యక్తీ విశ్వాసే. వాళ్ళు వాదించుకున్నారు, జంకారు, ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకున్నారు; ఎవరూ ఆమెను వదిలిపెట్టలేదు. దాచకుండా ఉండి ఉంటే ఎంతమంది యువకులు ఆ ప్రశ్నలను ఒంటరిగా మోయకుండా ఉండేవారో అనిపించింది. 1970ల చివర్లో ఎలెన్ వైట్ రచనల్లోని అరువు భాగాల గురించి వాల్టర్ రే వంటివారు బయటపెట్టిన విషయాలకు సంఘం అంతగా తల్లడిల్లడానికి కారణం ఆ విషయాలు కొత్తవి కావడం కాదు. పాతవే అయినా సభ్యులకు చెప్పకపోవడం. పత్రిక ఆ దస్తావేజును అచ్చువేయకపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు. నా దృష్టిలో స్పెక్ట్రమ్ చేసిన అసలైన సంఘసేవ అదే. అభిప్రాయ వ్యాసాలు ఎవరైనా రాయగలరు. తాళం వేసి ఉన్న కాగితాన్ని వెలుగులోకి తెచ్చి, పాఠకుడి ముందు పెట్టి, తీర్పు అతనికి వదిలేయడానికి వేరే రకం ధైర్యం, వేరే రకం వినయం కావాలి.

ఆ ధైర్యం అంతకు ముందూ కనిపించింది. 1977 మార్చి సంచికలో హిట్లర్ కాలపు జర్మనీలో అడ్వెంటిస్టులు ఎలా ప్రవర్తించారన్న విషయం మీద వ్యాసాలు వచ్చాయి. సంఘం పత్రికలే ఆనాడు నాజీ ప్రభుత్వాన్ని పొగుడుతూ ఏమేమి రాశాయో అందులో ఉంది. ప్రభుత్వాలకు లొంగకుండా విశ్రాంతి దినాన్ని ఆచరించేవాళ్ళమని గర్వించే సంఘానికి అది చేదు పాఠం. జర్మనీ, ఆస్ట్రియా సంఘాలు ఆ కాలపు తమ తప్పిదాలకు అధికారికంగా క్షమాపణ చెప్పింది 2005లో. అదే 1970ల్లో కాలిఫోర్నియాలోని పసిఫిక్ ప్రెస్ ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా పనిచేసే మెరికే సిల్వర్, మగవాళ్ళకు ఇచ్చే జీతభత్యాలు తనకూ ఇవ్వాలని కోర్టుకు వెళ్ళారు. సంఘం మతస్వేచ్ఛ పేరుతో పోరాడింది. 1982లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఈ వివాదం వివరాలు స్పెక్ట్రమ్ పాఠకులకు ఎప్పటికప్పుడు అందుతూ వచ్చాయి.

డబ్బు విషయంలో పత్రిక చూపిన పట్టుదల గురించి ఇంకొంచెం చెప్పాలి. డోనాల్డ్ డేవన్‌పోర్ట్ అనే అడ్వెంటిస్ట్ వైద్యుడు తపాలా కార్యాలయ భవనాలు కట్టి అమెరికా ప్రభుత్వానికి అద్దెకిచ్చే వ్యాపారం చేసేవాడు. ఎక్కువ వడ్డీ ఇస్తానంటే సంఘం ప్రాంతీయ పాలక విభాగాలైన పలు కాన్ఫరెన్సులు, యూనియన్లు సంఘం నిధులను అతనికి అప్పుగా ఇచ్చాయి. ఆ నిర్ణయాలు తీసుకున్న అధికారుల్లో కొందరు తమ సొంత డబ్బు కూడా అతని దగ్గరే పెట్టుబడి పెట్టారు. వాళ్ళలో కొందరికి సంఘానికి దక్కే దానికన్నా ఎక్కువ వడ్డీ దక్కింది. 1981లో అతను దివాలా తీశాడు. సంఘం కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. టామ్ డిబ్డాల్ స్పెక్ట్రమ్‌లో రాసిన పరిశోధనాత్మక కథనం ఎవరు ఎంత ఇచ్చారో, ఎలా ఇచ్చారో విప్పి చెప్పింది. సంఘం సొమ్మంటే పేదవాళ్ళు కూడా తమ కడుపు కట్టుకుని ఇచ్చిన కానుకలని తెలిసిన సభ్యుడికి, ఆ కథనం ఎవరి మీదో కక్షతో రాసినట్టు అనిపించదు. లెక్క అడిగే హక్కు కానుక ఇచ్చినవాడికి ఎప్పుడూ ఉంటుంది. ఆ లెక్కను వెతికి పెట్టే మనిషి కావాలి, అంతే.

బోధనకు సంబంధించి అన్నిటికన్నా పెద్ద తుఫాను డెస్మండ్ ఫోర్డ్ విషయంలో వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన ఈ వేదాంత పండితుడు 1979 అక్టోబరు 27న కాలిఫోర్నియాలోని పసిఫిక్ యూనియన్ కాలేజీలో, ఫోరమ్ సభ్యుల సమావేశంలోనే, పరలోక పరిశుద్ధ స్థలంలో 1844 నుంచి తీర్పు విచారణ జరుగుతోందన్న అడ్వెంటిస్ట్ బోధకు లేఖనాధారం చాలదని ప్రసంగించాడు. తన వాదాన్ని రాతపూర్వకంగా ఇమ్మని సంఘం ఆరు నెలల గడువిచ్చింది. అతను రాసిన 991 పేజీలను 1980 ఆగస్టులో కొలరాడోలోని గ్లేసియర్ వ్యూ శిబిరంలో నూరుమందికి పైగా నాయకులు, పండితులు చర్చించారు. ఆ తరువాత అతని పాస్టరు అర్హత పత్రాలను వెనక్కి తీసుకున్నారు. స్పెక్ట్రమ్ ఆ సంవత్సరం నవంబరు సంచికను దీనికే కేటాయించింది. ఆ సమావేశంలో స్వయంగా పాల్గొన్న రేమండ్ కాట్రెల్, పండితులు ఎక్కడ ఏకీభవించారో, ఎక్కడ విభేదించారో, ముగింపు నిర్ణయం ఆ చర్చకు ఎంత దూరంగా ఉందో అందులో రాశాడు. ఫోర్డ్ వాదంతో నేను పూర్తిగా ఏకీభవించను. అయినా అతనికి ఏం జరిగిందో, ఏ క్రమంలో జరిగిందో తెలిసే మార్గం సభ్యులకు ఉండాలి. అది ఉన్నది ఆ సంచిక వల్లనే.

ఇలాంటి పనికి మెప్పు దొరకదు. ఒకప్పుడు అండగా నిలిచిన నీల్ విల్సనే జనరల్ కాన్ఫరెన్స్ అధ్యక్షుడయ్యాక, 1980ల్లో, పత్రిక సంఘంలో సందేహాలను నాటుతోందని బహిరంగంగా విమర్శించారు. ఆయన ఆందోళనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. నిన్న మొన్న బాప్తిస్మం పొందినవాడికి ఈ సంచికలన్నీ ఒక్కసారిగా ఇస్తే అతను నిలదొక్కుకుంటాడా అన్నది పాస్టరుగా ఆలోచించేవాడికి నిజమైన ప్రశ్నే. కానీ అదే విషయం సంఘాన్ని ద్వేషించే వాళ్ళ నోట మొదటిసారి విన్నవాడి గతి అంతకన్నా అన్యాయం. తప్పును ఇంటివాడే చెప్తే అందులో బాధ ఉంటుంది, దిద్దుకోవాలన్న కోరిక ఉంటుంది. 1975 నుంచి 1998 దాకా పత్రికను నడిపిన రాయ్ బ్రాన్సన్, తరువాత రెండు దశాబ్దాలకు పైగా సంపాదకత్వం వహించిన బానీ డ్వయర్ ఇద్దరూ సంఘం ఒడిలో పెరిగి, సంఘంలోనే నిలిచినవాళ్ళు.

ఈ పరిస్థితి అడ్వెంటిస్టులకు మాత్రమే ప్రత్యేకం కాదు. 1964లో కాన్సస్ సిటీలో మొదలైన నేషనల్ క్యాథలిక్ రిపోర్టర్, కుటుంబ నియంత్రణ మీద పోపు నియమించిన కమిషన్ నివేదికను 1967లో బయటపెట్టింది; మరుసటి ఏడాది అక్కడి బిషప్పు, పత్రిక పేరులోంచి క్యాథలిక్ అన్న పదం తీసేయమన్నాడు, వాళ్ళు తీయలేదు. మార్మన్లనే మరో అమెరికన్ మతశాఖలో 1966లో ప్రారంభమైన డైలాగ్ పత్రికలో లెస్టర్ బుష్ 1973లో రాసిన వ్యాసం, నల్లజాతి పురుషులకు యాజకత్వం నిరాకరించే పద్ధతి ఎలా మొదలైందో దస్తావేజులతో చూపించింది. ఆ నిషేధం 1978లో తొలగింది. మూడు చోట్లా పత్రికలకు పేరు తెచ్చింది పిడివాద ఖండన కన్నా కాగితాల ప్రచురణే అన్నది గమనించాల్సిన విషయం.

ఇంత గౌరవంతో చదివే నాకు స్పెక్ట్రమ్ మీద ఒక ఫిర్యాదు ఉంది. అది స్త్రీల హస్తనిక్షేపణ చరిత్ర చూస్తే తేటతెల్లమవుతుంది. స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించాలన్న వాదాన్ని పత్రిక దశాబ్దాల పాటు లేఖనాల ఆధారంగా, చరిత్ర ఆధారంగా ఓపికగా వినిపించింది. అమెరికాలో దాని ప్రభావం కనిపించింది కూడా: 2012లో కొలంబియా యూనియన్, పసిఫిక్ యూనియన్ స్త్రీపురుష భేదం లేకుండా హస్తనిక్షేపణ చేయాలని తీర్మానించాయి, 2013లో సాండ్రా రాబర్ట్స్ ఆగ్నేయ కాలిఫోర్నియా కాన్ఫరెన్సుకు అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. అయితే 2015 జూలై 8న టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్రపంచ మహాసభ ఓటు వేసినప్పుడు, ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం ఈ విషయంలో నిర్ణయించుకోవచ్చన్న ప్రతిపాదన అనుకూలంగా 977, వ్యతిరేకంగా 1,381 ఓట్లు పడి వీగిపోయింది. ప్రపంచంలోని అడ్వెంటిస్టులు 2 కోట్లకు పైగా ఉంటే, ఉత్తర అమెరికాలో ఉన్నవాళ్ళు దాదాపు 12 లక్షలు. ఓటు వేసిన ప్రతినిధుల్లో అధిక సంఖ్యాకులు ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాలవాళ్ళు. వాళ్ళు ఆ వాదాలను చదివి తోసిపుచ్చారని చెప్పడానికి లేదు; చాలామంది దగ్గరికి అవి చేరనేలేదు. పత్రిక ఇంగ్లీషులో వస్తుంది, అమెరికా కాలేజీల్లో చదివినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తుంది. దాని ప్రస్తావనలూ ఉదాహరణలూ అక్కడివే.

పత్రిక తన మంచి పనిని ఇంటి దగ్గరే ఆపేసిందని నేను నొచ్చుకునేది ఇందుకే. డేవన్‌పోర్ట్ లెక్కలు వెతికిన చేత్తో, మిషనరీలు వెళ్ళిపోయాక ఇతర ఖండాల్లో మిగిలిన ఆసుపత్రుల స్థలాలు, పాఠశాలల ఆస్తులు ఎవరి చేతుల్లోకి ఎలా వెళ్ళాయో వెతకవచ్చు. 1919 మినిట్స్‌ను స్పానిష్‌లో, స్వాహిలిలో, పోర్చుగీసులో పూర్తిగా అచ్చువేయవచ్చు. డానియెల్స్ మాటలు చదివాక ఒక కెన్యా పాస్టరో, బ్రెజిల్ అధ్యాపకుడో ఏమంటారో అదే సంచికలో వాళ్ళ చేతే రాయించవచ్చు. దీనికి కావలసిన డబ్బు మళ్ళీ దాతల నుంచే రావాలి, ఆ దాతల్లో ఎక్కువమంది అమెరికాలోనే ఉన్నారు. వాళ్ళు తమ చుట్టూ జరిగే వాదాలకు మాత్రమే డబ్బిస్తారా, తాము ఎన్నడూ చూడని సభ్యుల కోసం కూడా ఇస్తారా అన్నదాని మీదే రాబోయే సంచికలు ఆధారపడి ఉన్నాయి.